డెన్నిస్ రిచీ

డెన్నిస్ రిచీ 1941 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బ్రాంక్స్‌విల్ గ్రామంలో జన్మించారు. తండ్రి బెల్ ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్య అభ్యసించిన రిచీ 1967లో అదే సంస్థలో చేరారు.

1969లో కెన్ థాంప్సన్ ఆరంభించిన యూనిక్స్ నిర్మాణానికి ఆయన కుడిభుజమై నిలిచారు; అనంతరం ‘సి’ భాషను సృష్టించారు. ఒకే కంప్యూటరును పలువురు వాడుకొనే యూనిక్స్‌లో ఎవరి ఫైలు వారికి భద్రంగా ఉండాలి. అందుచేత ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. చదువుటకు, వ్రాయుటకు, నడుపుటకు అనుమతులు వేర్వేరుగా ఉంటాయి.

అయినను ఒక చిక్కు మిగిలింది. అందరి పాస్‌వర్డులూ ఒకే ఫైలులో ఉండేవి. అందులో వ్రాయుటకు అందరికీ అనుమతి ఇస్తే ఒకరి పాస్‌వర్డును మరొకరు మార్చగలరు. నిరాకరిస్తే ఎవరూ తమది సైతం మార్చుకొనలేరు. రిచీ ఆ అధికారాన్ని మనిషికి గాక ప్రోగ్రాముకు ఇచ్చారు. ‘సెట్ యూఐడీ’ గుర్తు గల ప్రోగ్రామును ఎవరు నడిపినా, అది తన యజమాని అధికారంతో పనిచేస్తుంది. పని ముగియగానే ఆ అధికారమూ ముగుస్తుంది. అట్టి ప్రోగ్రాములో లోపముంటే మాత్రం యజమాని అధికారం పరుల చేతిలో పడుతుంది. కనుకనే దీనిని మితంగా వాడవలెను.

1973లో దరఖాస్తు చేసిన ఈ పద్ధతికి 1979లో పేటెంటు లభించింది; తరువాత అది ప్రజలకే అంకితమైంది. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రిచీ 2011 అక్టోబరులో కన్నుమూశారు.

ఎవరికైనను పనికి తగినంత అధికారమే ఇవ్వవలెనన్నది ఆయన కృషి మనకు నేర్పే పాఠం.