అలన్ ట్యూరింగ్: యంత్రానికి చదువు చెప్పాలనుకున్న మనిషి

ఏఐ అనే మాట వినపడని రోజు లేదిప్పుడు. మన పిల్లలు హోంవర్క్‌లో సందేహం వస్తే చాట్‌బాట్‌ను అడుగుతున్నారు, సెలవు రోజున ఫోన్‌తో చెస్ ఆడుతున్నారు. రెండింటినీ ఏఐ అనే అంటున్నాం. కానీ ఏఐలో రకాలున్నాయి, ఒక్కో రకం పనిచేసే తీరు వేరు. కంప్యూటర్లు అప్పుడప్పుడే పుడుతున్న రోజుల్లోనే ఆ తేడా గురించి ఆలోచించిన మనిషి అలన్ ట్యూరింగ్. ఈ నెల ఆయన గురించి తెలుసుకుందాం.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. తల్లి ఈథెల్ సారా పుట్టిందే కోయంబత్తూరు దగ్గరి పోదనూరులో. ఆమె తండ్రి మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. అలన్ కడుపున పడేనాటికి ఆ దంపతులు గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఉన్నారు. మన వైపు నుంచి హౌరా రైలెక్కితే బరంపురం దాటాక వచ్చే ఊరది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కానుపు కోసం ఇంగ్లండ్ వెళ్లారు. తర్వాత తల్లిదండ్రులు ఉద్యోగం కోసం ఇండియాకు తిరిగొస్తే, అలన్, అతని అన్న అక్కడే ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో పెరిగారు. అప్పటి దొరల కుటుంబాల్లో ఇది మామూలే. అయినా ఆ పిల్లలకు అమ్మానాన్నలు ఎక్కువగా సెలవుల్లో కనిపించే మనుషులే.

13 ఏళ్లకు షెర్‌బోర్న్ బోర్డింగ్ స్కూల్లో చేరాడు. స్కూలు తెరిచే రోజున దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. సౌతాంప్టన్ నుంచి సుమారు 60 మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ, దారిలో ఒక రాత్రి ఆగి, స్కూలు చేరాడు. పట్టుదల ఉన్న కుర్రాడని అక్కడివారు మెచ్చుకున్నారు కానీ ప్రోగ్రెస్ రిపోర్టులు మాత్రం అలా లేవు. చేతిరాత అధ్వానం. ఇంగ్లీషు, లాటిన్‌లలో వెనకబాటు. సైన్సు తప్ప ఇంకేదీ పట్టించుకోనివాడు ఈ స్కూల్లో కాలం వృథా చేసుకుంటున్నట్టేనని ప్రధానోపాధ్యాయుడు ఇంటికి రాశారు. ఆ సమయంలోనే ఆ కుర్రాడు ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చదువుకుని, తల్లికి అర్థమయ్యేలా నోట్సు రాసి ఇచ్చాడు. రిపోర్టు కార్డులో దానికి గడి లేదు మరి.

అక్కడే క్రిస్టఫర్ మోర్కమ్ అనే స్నేహితుడు దొరికాడు. లెక్కలన్నా నక్షత్రాలన్నా ఇద్దరికీ ప్రాణం. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ క్షయతో చనిపోయాడు. మనిషి మనసు శరీరంతోనే పోతుందా, విడిగా ఉంటుందా అని అలన్ ఆ తల్లికి ఉత్తరాలు రాశాడు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1936లో ట్యూరింగ్ రాసిన పరిశోధన పత్రం నేటి కంప్యూటర్‌కు పునాది అయింది. సూచనలు మార్చి ఇస్తే చాలు, ఏ లెక్కనైనా చేయగల ఒకే యంత్రాన్ని ఆయన కాగితం మీద ఊహించారు. యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించిన కథ సినిమాల పుణ్యాన చాలామందికి తెలుసు కనుక ఇక్కడ వదిలేద్దాం.

మనకు ముఖ్యమైంది 1948. నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో కంప్యూటర్ రూపకల్పన చేస్తున్న ఆయన, యంత్రాలకు తెలివి రావడం గురించి ఒక నివేదిక రాశారు. స్కూలు పిల్లాడి వ్యాసంలా ఉందని డైరెక్టర్ చప్పరించేశారు. ఆ నివేదిక అచ్చయింది ట్యూరింగ్ చనిపోయిన చాలా ఏళ్లకు.

యంత్రానికి తెలివి ఇవ్వడానికి ఆయన ఆలోచనల్లో రెండు దారులు కనిపిస్తాయి. మనకు తెలిసిన నియమాలన్నీ రాసి యంత్రానికి ఇవ్వడం ఒకటి. స్నేహితుడు చాంపర్‌నౌన్‌తో కలిసి ఆయన తయారుచేసిన చెస్ ప్రోగ్రాం ఆ కోవలోది. ఏ పావుకు ఎంత విలువ, ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. దాన్ని నడిపే కంప్యూటర్ దొరకలేదు. అందుకని 1952లో ట్యూరింగే కంప్యూటర్‌లా కూర్చుని, కాగితం మీద లెక్కలు కట్టి, ఒక్కో ఎత్తుకు అరగంట తీసుకుని ఒక సహోద్యోగితో ఆడారు. ఓడిపోయారు కూడా.

రెండోది నేర్చుకునే యంత్రం. చిన్న చిన్న భాగాలను ఎలా పడితే అలా కలిపి, శిక్షణతో ఆ లంకెలను దారిలో పెట్టాలి. పసిపిల్లల మెదడు కూడా మొదట అలాంటిదేనని ఆయన అభిప్రాయం. నేటి న్యూరల్ నెట్‌వర్కుల ఆలోచన ఇదే. సరిగ్గా చేస్తే బహుమతి, తప్పు చేస్తే శిక్ష అనే పద్ధతిని కూడా ఆయన ప్రయత్నించారు. బ్లెచ్లీలో ఆయనతో చెస్ ఆడుతూ ఈ కబుర్లు విన్న డొనాల్డ్ మిషీ, 1961లో కంప్యూటర్ అక్కర్లేకుండానే దీన్ని చేసి చూపించారు. 304 అగ్గిపెట్టెలు, వాటిలో రంగురంగుల పూసలు. నోట్‌బుక్ చివరి పేజీలో పిల్లలు ఆడే సున్నా–ఇంటూ ఆటలో గెలిస్తే పూసలు కలపడం, ఓడితే తీసేయడం. ఆడేకొద్దీ అగ్గిపెట్టెలకు ఆట వచ్చేసింది! సెలవుల్లో పిల్లలతో చేయించదగ్గ ప్రాజెక్టు.

1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ ప్రధానంగా మొదటి రకం: మనుషులు రాసిన నియమాలు, సెకనుకు 20 కోట్ల స్థితులను చూసే వేగం. 2017లో వచ్చిన ఆల్ఫాజీరోకు ఆట నిబంధనలు మాత్రమే చెప్పారు. తనతో తానే ఆడుకుని మిగతాది నేర్చుకుంది. చాట్‌బాట్ కూడా నేర్చుకునే రకమే, కొండలకొద్దీ రాతలు చదివి. మొదటి రకం తప్పు చేస్తే ఏ నియమం దగ్గర తప్పిందో వెతికి పట్టుకోవచ్చు. రెండో రకంలో అది కష్టం. విద్యార్థి లోపల ఏం జరుగుతోందో గురువుకే అంతగా తెలియదని 1950 నాటి వ్యాసంలో ట్యూరింగ్ హెచ్చరించారు. ఎన్నడూ తప్పు చేయకూడదంటే యంత్రానికి తెలివి కూడా ఉండదని అంతకు మూడేళ్ల ముందే ఒక ప్రసంగంలో చెప్పారు. మన ఇంట్లో చాట్‌బాట్ తడుముకోకుండా తప్పు జవాబిచ్చినప్పుడు, అది చెడిపోయిందనుకోనక్కర్లేదు. అది నేర్చుకున్న తీరే అలాంటిది. జవాబును పాఠ్యపుస్తకంతో సరిచూడడం మాత్రం మన పిల్లల పనే.

కంటికి కనపడకుండా, రాతతోనే మాట్లాడి, అవతల ఉన్నది మనిషో యంత్రమో చెప్పలేకపోతే ఆ యంత్రానికి తెలివి ఉన్నట్టే అనుకోవచ్చన్న ప్రసిద్ధ పరీక్ష కూడా ఆ 1950 వ్యాసంలోదే.

1952లో స్వలింగ సంబంధం నేరమన్న నాటి చట్టం కింద ఆయనకు శిక్ష పడింది. జైలుకు బదులు హార్మోన్ చికిత్సకు ఒప్పుకోవాల్సి వచ్చింది. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే, సైనైడ్ విషంతో చనిపోయారు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. బ్రిటన్ ప్రధాని 2009లో క్షమాపణ చెప్పారు, 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది, 2021 నుంచి 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది.

కంప్యూటర్ సైన్సులో అత్యున్నత పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. 1994లో దాన్ని ఇద్దరు పంచుకున్నారు. ఒకరు నిపుణుల జ్ఞానాన్ని నియమాలుగా మార్చి యంత్రానికి ఇచ్చిన ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్. రెండోవారు యంత్రానికి మనిషి మాట వినడం నేర్పిన రాజ్ రెడ్డి, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన తెలుగువారు.