వ్లాదిమిర్ కొమరోవ్: అంతా దాటేశారు.. చివర్లో పారాచూట్ మోసం చేసింది!

రాకెట్ ప్రయోగాలను లైవ్‌లో చూసే అంతరిక్ష ప్రియులకు అసలు టెన్షన్ ల్యాండింగ్ టైమ్‌లోనే. ఎందుకో తెలియాలంటే వ్లాదిమిర్ కొమరోవ్ కథ తెలుసుకోవాల్సిందే.

1927 మార్చి 16న మాస్కోలో పుట్టిన కొమరోవ్ సోవియట్ వైమానిక దళ పైలట్, ఇంజినీర్. 1960లో గగారిన్‌తో పాటు తొలి వ్యోమగాముల బృందానికి ఎంపికయ్యారు. గుండె లయలో తేడా ఉందంటూ డాక్టర్లు ఒకసారి పక్కన పెట్టినా పట్టు వదల్లేదు. 1964 అక్టోబర్‌లో వోస్ఖోద్-1 కమాండర్‌గా నింగిలోకి వెళ్లారు. ముగ్గురు ప్రయాణించిన తొలి నౌక అదే. లోపల చోటు చాలక స్పేస్‌సూట్లు లేకుండానే వెళ్లొచ్చారు.

1967 ఏప్రిల్ 23న కొత్త నౌక సోయుజ్-1లో ఒంటరిగా బయల్దేరారు. బ్యాకప్ గగారినే. కక్ష్యలోకి వెళ్లాక ఒక సోలార్ ప్యానెల్ తెరుచుకోలేదు. కరెంట్ తగ్గింది, నౌక అదుపు కష్టమైంది. దీంతో మర్నాడే వెనక్కి రమ్మన్నారు. కొమరోవ్ స్వయంగా నౌకను సరైన దిశకు తిప్పి భూమి వైపు మళ్లించారు. కానీ ప్రధాన పారాచూట్ బయటికే రాలేదు. రిజర్వ్ పారాచూట్ చిక్కుపడిపోయింది. ఓర్స్క్ దగ్గర నౌక నేలను ఢీకొట్టింది. అంతరిక్ష యాత్రలో చనిపోయిన తొలి మనిషి ఆయనే. వయసు 40.

ఆ వెంటనే ముగ్గురితో వెళ్లాల్సిన సోయుజ్-2 అప్పటికే రద్దయింది. దాని పారాచూట్‌లోనూ ఇదే లోపం ఉన్నట్టు తర్వాత తేలింది. అంటే ఆ ముగ్గురూ బతికిపోయినట్టే!

లోపాలు సరిచేశాకే, 1968 అక్టోబర్‌లో సోయుజ్ మళ్లీ మనుషులతో ఎగిరింది. 1984లో మన రాకేశ్ శర్మ వెళ్లొచ్చింది కూడా సోయుజ్ నౌకల్లోనే.