గ్రెగర్ మెండెల్ చరిత్రము

ఉద్యోగము గోరి పోయి, తగవని త్రిప్పి పంపబడినవాని దుఃఖము చిన్నది కాదు. మా పాఠశాలను విడిచి వెళ్లు బాలబాలికలలో పెక్కుమందికి అట్టి దినమొకటి రాక మానదు. అప్పుడు చేయవలసిన దేమో మెండెల్ చరిత్రమువలన తెలియునని తలచి, దానిని సంగ్రహముగా ఇచట వ్రాయుచున్నాము.

మెండెల్ 1822వ సంవత్సరము జూలై నెలలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యమునందు, ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఆ గ్రామము ఇప్పుడు చెక్ దేశములో నున్నది. తండ్రి చెట్టు మీదబడి గాయపడుటచేత కుమారుని చదువు సాగుట కష్టమాయెను. అప్పుడు చెల్లెలు తెరీసియా తన పెండ్లికై యుంచిన సొమ్ములో కొంత అన్న కిచ్చెను. 1843లో అతడు బ్రనో నగరమందలి సెయింట్ థామస్ మఠమున జేరెను. రోగులను పరామర్శించు పని అతని మనస్సునకు సరిపడకపోగా, మఠాధిపతి నాప్ 1849లో అతనిని జ్నోయ్మో పట్టణపు పాఠశాలకు తాత్కాలికోపాధ్యాయునిగా బంపెను. అచట మంచి పేరు వచ్చెను గాని, ఉద్యోగము స్థిరపడుటకు ప్రభుత్వ పరీక్షలో నెగ్గవలసి యుండెను.

1850లో మెండెల్ వియన్నాకు బోయి పరీక్షకు గూర్చుండెను. భౌతికశాస్త్రమున పరీక్షకులు మెచ్చిరి. జంతుశాస్త్రమున మాత్రము, పాలిచ్చు జంతువుల విభజనమును గూర్చి వ్రాయుచు, శాస్త్రనామములకు బదులు వాడుక పేర్లు వ్రాసెను. అర్హుడు కాడని తీర్పు వచ్చెను. అయితే, ఇతనికి శ్రద్ధయు తెలివియు కొరత లేవనియు, క్రమమైన శిక్షణము దొరికినచో రాణించుననియు పరీక్షకులు తెలిపిరి.

మెండెల్ పాలిటికి ఈ మాటలే దారి చూపెను.  అతడు ప్రకృతిశాస్త్రమును చాలవరకు తనంతట తానే చదువుకొన్నవాడు. పరీక్షకులలో నొకడగు బౌమ్‌గార్ట్‌నర్ సలహాపై మఠాధిపతి 1851లో అతనిని వియన్నా విశ్వవిద్యాలయమునకు బంపెను. ఇరువది తొమ్మిదేండ్ల ఉపాధ్యాయుడు మరల విద్యార్థి యాయెను. డాప్లర్ వద్ద ప్రయోగములు చేయు పద్ధతిని, ఎట్టింగ్స్‌హౌసెన్ వద్ద గణితమును, ఉంగర్ వద్ద వృక్షశాస్త్రమును రెండేండ్లు నేర్చెను.

1854లో బ్రనోలో మరల తాత్కాలికోపాధ్యాయుడై, 1856లో అదే పరీక్షకు రెండవసారి వియన్నాకు బోయెను. కాని అస్వస్థుడై, పరీక్ష ముగియకుండగనే తిరిగి వచ్చెను. 1868 వరకు అతడు తాత్కాలికోపాధ్యాయుడుగనే పనిచేసెను.

ఇంతటితో చరిత్ర ముగిసిన యెడల మేము దీనిని వ్రాయకుందుము. ఆ 1856లోనే మెండెల్ మఠపు తోటలో బటానీ మొక్కలతో ప్రయోగము లారంభించెను. ఎనిమిదేండ్లలో సుమారు 28,000 మొక్కలను పెంచి, ఏడు లక్షణములను ఎన్నుకొని, వాని ఫలితములను లెక్కించెను. ఒక లెక్కలో నున్నని గింజలు 5,474, ముడుతలు పడినవి 1,850. అనగా ఇంచుమించు మూటికి ఒకటి. మొక్కలను లెక్కించి అందులో నియమమును వెదకు ఆ పద్ధతికి వియన్నా చదువే ఆధారము. 1865లో ఆ ఫలితములను పండితసభలో చదివెను, 1866లో అవి అచ్చయ్యెను, పట్టించుకొన్నవారు అరుదు. 1868లో మఠాధిపతియై, చెల్లెలి ముగ్గురు కుమారుల చదువునకు సాయపడి ఆమె ఋణము దీర్చుకొనెను. 1884 జనవరి 6వ తేదీన మరణించెను. 1900లో అన్యపండితులు అవే సత్యములను కనుగొనగా లోకము మెండెలును గుర్తించెను. నేటి జన్యుశాస్త్రమునకు అతడు మూలపురుషుడు.

పరీక్షకులు 1850లో అన్యాయము చేసిరని మేము చెప్పము. అతని చదువున లోపముండెను. దానిని వారు చూపిరి. విద్యార్థులారా, మిమ్ము కాదన్న చోట కోపింపక, ఏది కొరతయో అడిగి తెలిసికొనుడు. దానిని పూరించి, సిగ్గుపడక అదే వాకిట మరల నిలువుడు. రెండవ మారును తలుపు తెరువబడకపోవచ్చును. తలిదండ్రులారా, అట్టివేళ మీ బిడ్డలు గడచిన కాలము వ్యర్థమైనదని నిందింపకుడు. ఆ నడుమ నేర్చిన విద్య వారియొద్దనే యుండును. దానికి తగిన తోట ఎచటనో యుండవచ్చును.