విజేత ఔదార్యం

అమెరికా అంతర్యుద్ధాన్ని ముగింపునకు తెచ్చిన సేనాని యులిసిస్ గ్రాంట్. ఆయన 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొంది, మెక్సికో యుద్ధంలో పాల్గొన్నాడు. 1854లో సైన్యాన్ని వీడి, సేద్యంలోను వ్యాపారంలోను రాణించలేక, చివరకు తండ్రి తోలు దుకాణంలో గుమాస్తాగా చేరాడు.

బానిసత్వాన్ని విడువని దక్షిణ రాష్ట్రాలు వేరుపడగా 1861లో అంతర్యుద్ధం మొదలయింది. గ్రాంట్ తిరిగి ఖడ్గం ధరించాడు. 1863లో విక్స్‌బర్గ్‌ను జయించి, మరుసటి ఏడు ఉత్తర సేనలన్నింటికీ అధిపతి అయ్యాడు. ఆ వేసవి పోరాటాలలో వేలాది సైనికులు నేలకొరిగారు. నిందలు ఎదురైనా ఆయన వెనుదిరగలేదు. దక్షిణ సేనాని రాబర్ట్ లీని పీటర్స్‌బర్గ్ వద్ద తొమ్మిది నెలలకు పైగా నిలువరించాడు. 1865 ఏప్రిల్ 2న ఆ రక్షణ పంక్తి ఛిన్నమయింది. మరునాడు శత్రు రాజధాని రిచ్‌మండ్ వశమయింది. పడమటికి మరలిన లీని గ్రాంట్ వెంటాడి, ఆహారం అందే దారులను మూసివేశాడు. ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో లీ లొంగిపోయాడు.

గ్రాంట్ మహోన్నత్యం ఆనాడే వెల్లడయింది. పరాజితులను చెరపట్టక ఇళ్లకు పంపాడు. పొలం పనులకై వారి గుర్రాలను వెంట తీసుకుపోనిచ్చాడు. ఆకలిగొన్న ఆ సేనకు ఆహారం అందించాడు. తన శిబిరంలో మోగిన విజయ ఫిరంగులను ఆపించాడు. నిన్నటి శత్రువులు తిరిగి స్వదేశీయులైనారని ఆయన భావించాడు.

1869 నుండి 1877 వరకు దేశాధ్యక్షుడుగా పనిచేసిన గ్రాంట్ 1885 జులై 23న కన్నుమూశాడు. గెలుపు శౌర్యానికి గుర్తు. గెలిచిన పిదప చూపే దయ మనిషి సంస్కారానికి గుర్తు.