బామ్మ చెప్పిన కథే అర్హత!

పొద్దున్నే వెళ్లి లైబ్రరీలో సీటు పట్టుకుని, గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని సాయంత్రం దాకా కదలకుండా కూర్చునేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అక్కడ మీ భాషలో పుస్తకం ఉంటుంది, పేపర్ ఉంటుంది, అడిగితే చెప్పే మనిషి ఉంటారు. అదే లైబ్రరీలో ఇవేవీ లేవనుకోండి. తలుపులు తెరిచే ఉన్నాయి, సభ్యత్వం ఉచితమే. కానీ బీరువాల్లో మీకు తెలిసిన లిపి కనిపించదు, కౌంటర్లో ఉన్నావిడకి మీ మాట అర్థం కాదు. ఎన్నిసార్లు వెళ్తారు?

వందేళ్ల క్రితం న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలకి లైబ్రరీ అలాగే ఉండేది. వాళ్లని లోపలికి తీసుకొచ్చినావిడ పూరా బెల్‌ప్రే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉద్యోగం పొందిన మొదటి ప్యూర్టోరికన్ ఆమే.

ప్యూర్టోరికో కరీబియన్ సముద్రంలోని ఒక ద్వీపం. 1898 యుద్ధం తర్వాత స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వెళ్లింది. 1917లో అక్కడివాళ్లకి అమెరికా పౌరసత్వం వచ్చింది. అంటే న్యూయార్క్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు, కాగితాల మీద వాళ్లు వలసదారులే కాదు. అయినా ఓడ దిగిన మర్నాటి నుంచి పరాయివాళ్లే, ఎందుకంటే భాష వేరు. వీసా చేతికొస్తే సగం కష్టాలు తీరిపోతాయనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

పూరా పుట్టింది సిద్రా అనే ఊళ్లో. తండ్రి ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు, పని ఎక్కడ దొరికితే అక్కడికి కాపురం మారేది. ఏ ఊరు మారినా ఇంట్లో కథలు మాత్రం ఆగలేదు. టీచర్ కావాలన్న కోరికతో 1919లో యూనివర్సిటీలో చేరింది. 1920లో అక్కచెల్లెళ్లలో ఒకరైన ఎలీసా పెళ్లికని న్యూయార్క్ వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చి చదువు కొనసాగించలేదు. బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. టీచర్ కావాల్సిన అమ్మాయి కుట్టు పనిలో! మన దగ్గరా డిగ్రీ ఒకటి, చేస్తున్న పని ఇంకొకటి అయినవాళ్లకి కొదవలేదు కదా.

అప్పుడే హార్లెంలో 135వ వీధి లైబ్రరీ శాఖని ఎర్నెస్టీన్ రోజ్ అనే లైబ్రేరియన్ నడుపుతోంది. అంతకుముందు యూదు వలస కుటుంబాలుండే పేటలో పనిచేసిన మనిషి. చుట్టుపక్కల ఉండేవాళ్లు ఎవరో, వాళ్లలోంచే సిబ్బందిని తీసుకోవాలన్నది ఆమె పద్ధతి. ఆ పేటలో నల్లజాతివాళ్లు ఎక్కువ, స్పానిష్ మాట్లాడేవాళ్లు అప్పుడప్పుడే వచ్చి చేరుతున్నారు. వాళ్లతో మాట్లాడే మనిషి కావాలి. అలా 1921లో పూరా అసిస్టెంటుగా చేరింది. బయోడేటాలో మనం చివరి వరసలో, మొహమాటంగా రాసుకునే మాతృభాష ఆమెకి మొదటి అర్హత అయింది.

అయితే ఇక్కడితో ఆగిపోతే అది అదృష్టం కథే అవుతుంది. అసలు విషయం ఆ తర్వాత ఉంది. 1920ల నడిమిలో ఆమె లైబ్రరీ స్కూల్లో చేరింది. మేరీ గౌల్డ్ డేవిస్ దగ్గర పిల్లలకి కథ చెప్పడంలో శిక్షణ తీసుకుంది. క్లాసు కోసం తన ద్వీపం కథ ఏదైనా దొరుకుతుందేమోనని అల్మరాలన్నీ వెతికింది. ప్రపంచంలోని ఎన్నో దేశాల జానపద కథలున్నాయి, ప్యూర్టోరికోవి మాత్రం లేవు. దాంతో బామ్మ దగ్గర విన్న కథనే కాగితం మీద పెట్టింది. మార్టీనా అనే బొద్దింక, పెరెజ్ అనే ఎలుక పెళ్లి చేసుకుంటాయి. పండగనాడు ఆమె బియ్యం, బాదం, ఎండుద్రాక్ష వేసి పాయసం లాంటిది వండుతుంది. రుచి చూడబోయి పెరెజ్ ఆ గిన్నెలో పడిపోతాడు. మన పేదరాశి పెద్దమ్మ కథల పక్కన కూర్చోబెడితే సరిగ్గా కుదురుతుంది.

చిక్కేమిటంటే, లైబ్రరీ కథా సమయంలో అచ్చయిన పుస్తకంలోని కథలే చెప్పాలన్నది నియమం. ఇదేమో ఎక్కడా అచ్చు కాలేదు. ఆమె ప్రత్యేకంగా అనుమతి తీసుకుని చెప్పింది. 1932లో ఆ కథ పుస్తకంగా వచ్చింది. పుస్తకం లేదని ఫిర్యాదు రాసి ఊరుకోకుండా, లేని పుస్తకాన్ని తనే రాసిన మనిషి.

1929లో ఆమెని 115వ వీధి శాఖకి మార్చారు, ఆ చుట్టుపక్కల ప్యూర్టోరికన్ కుటుంబాలు పెరుగుతున్నాయి కాబట్టి. నా లెక్కలో ఆమె జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. స్పానిష్ పుస్తకాలు తెప్పించింది. కథలు రెండు భాషల్లోనూ చెప్పడం మొదలుపెట్టింది. జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండగ వాళ్లకి మన సంక్రాంతి అంత పెద్దది. దాన్ని లైబ్రరీలోనే జరిపించింది. పిల్లల వెంట తల్లులూ వచ్చారు. ప్యూర్టోరికన్ల సంఘాలు ఎక్కడ సమావేశమైతే అక్కడికి వెళ్లి లైబ్రరీ మీది కూడా అని చెప్పేది. కౌంటర్ వెనక కూర్చుంటే అయ్యే పని కాదిది. తర్వాత మరో శాఖకి మారాక తోలుబొమ్మల్లాంటి బొమ్మలతో కథలు ఆడించింది. 1940లో సిన్సినాటిలో జరిగిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ సమావేశంలో తన పని గురించి పత్రం సమర్పించింది.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకుంటున్నారా? తెలంగాణ ఇటుక బట్టీల్లో పనిచేయడానికి ఒడిశా నుంచి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. ఆ పిల్లలకి మన శాఖా గ్రంథాలయంలో ఏం దొరుకుతుంది? ఒడియా తెలిసిన శ్రీకాకుళం అబ్బాయో ఇచ్ఛాపురం అమ్మాయో వారానికి ఒక గంట కేటాయిస్తే సరిపోయే పనులున్నాయి. ముందు గ్రంథపాలకుల అనుమతి అడగండి, తర్వాత ఆ తల్లిదండ్రుల్ని కలవండి. ఈ రెండోదాన్నే మనవాళ్లు దాటేస్తుంటారు. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లైతే, అక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీలు కథా సమయానికి, కొత్తగా వచ్చినవాళ్లతో ఇంగ్లిష్ మాట్లాడించడానికి వాలంటీర్లని తీసుకుంటాయి. చేరేముందు మీ వీసా నిబంధనల గురించి యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కనుక్కోండి. వాలంటీర్ సర్టిఫికెట్ చూపిస్తే లైబ్రేరియన్ ఉద్యోగం ఇచ్చేస్తారని మాత్రం అనుకోవద్దు. మన దగ్గర దానికి లైబ్రరీ సైన్స్ చదువు ఉండాల్సిందే. పూరా కూడా ఆ చదువు చదివింది.

సిన్సినాటి ప్రయాణంలోనే ఆమెకి క్లారెన్స్ కామెరాన్ వైట్ పరిచయమయ్యాడు. పేరున్న నల్లజాతి వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త. 1943లో పెళ్లి చేసుకున్నారు. కొన్నాళ్లకి ఆమె ఉద్యోగం వదిలేసి ఆయన కచేరీలకి వెంట తిరుగుతూ రాసుకుంది. 1946లో ప్యూర్టోరికో జానపద కథల సంపుటి ఇంగ్లిష్‌లో తెచ్చింది.

1960లో భర్త పోయాడు. ఆమె మళ్లీ లైబ్రరీకి వచ్చింది, ఈసారి స్పానిష్ పిల్లల సేవల నిపుణురాలిగా. ఆమె లేని కాలంలో నగరమే మారిపోయింది. న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు ఆరు లక్షలు దాటారు. దాంతో ఒక్క శాఖ అని కాకుండా, స్పానిష్ పిల్లలున్న చోటల్లా తిరిగింది. 1968లో రిటైరయింది. ఇంక విశ్రాంతే అనుకుంటుంటే సౌత్ బ్రాంక్స్‌లో కొత్త లైబ్రరీ ప్రాజెక్టు పెట్టి రమ్మన్నారు. వెళ్లింది. అక్కడా బొమ్మలాట నెలకొల్పింది.

1982 మే నెలలో న్యూయార్క్ మేయర్ కళా సాంస్కృతిక పురస్కారం అందుకుంది. జులై 1న కన్నుమూసింది. లాటినో జీవితాన్ని పిల్లల పుస్తకాల్లో చూపే రచయితలకి, చిత్రకారులకి 1996 నుంచి ఆమె పేరు మీద అవార్డు ఇస్తున్నారు. ఆమె కాగితాలు, రాతప్రతులు న్యూయార్క్ హంటర్ కాలేజీలోని ప్యూర్టోరికన్ అధ్యయన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.