న్యాయవాది నుండి శాసనకర్త: టంగుటూరి ప్రకాశం పంతులు

ఆంధ్రదేశంలో న్యాయవాదవృత్తి నుండి శాసనసభలకు వచ్చినవారు పెక్కుమంది. వారిలో వృత్తివలన ఆర్జించిన ధనాన్ని ప్రజాకార్యానికి ధారపోసి, వృత్తివలన అలవడిన విచారణదృష్టిని మాత్రం కడదాకా నిలుపుకొన్నవారు ప్రకాశం పంతులుగారు.

వీరు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపమందలి వినోదరాయునిపాలెంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించగా, తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్లు నడిపి బిడ్డలను పోషించారు. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ఆదరణతో రాజమహేంద్రవరం చేరి, విద్య ముగించి, ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షులు కూడ అయ్యారు. 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, 1907 నుండి మదరాసులో విశేషధనం ఆర్జించారు. 1921లో ఆ వృత్తిని త్యజించి 'స్వరాజ్య' పత్రికను స్థాపించారు. ఆర్జించినదంతయు దాదాపుగా ఆ పత్రికకే వ్యయమైనది.

1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన వీరు 1930లో ఆ సభ్యత్వాన్ని విడిచారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవిన్యూమంత్రిగా జమీందారీ విచారణసంఘానికి అధ్యక్షత వహించారు. వీరి న్యాయవాదప్రతిభకు పరమప్రమాణం ఈ సంఘపు నివేదికయే. సాక్ష్యాలను, పూర్వశాసనాలను పరిశీలించి, భూమికి స్వామి రైతే గాని జమీందారు కాడనీ, జమీందారు కేవలం శిస్తు వసూలుదారుడనీ అది నిర్ణయించింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయుటచే ఆ సిఫారసులు అప్పటికి చట్టరూపం దాల్చలేదు. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చినది.

1946లో వీరు మదరాసు ప్రధానమంత్రి అయినప్పుడు శ్రీబాగు ఒడంబడికపై సంతకం చేసిన కడప కోటిరెడ్డిగారు వారి మంత్రివర్గంలో ఉన్నారు. ఆ ప్రభుత్వం ఏడాది నిండకముందే, 1947 మార్చిలో, ముగిసింది. రాజ్యాంగసభలోనూ ప్రకాశంగారు సభ్యులు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రులైనారు. శ్రీబాగు ఒడంబడిక స్ఫూర్తితో కర్నూలు రాజధాని అయినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసినది. ఆ సంవత్సరమే నవంబరులో మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానం ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గగా ఆ ప్రభుత్వం పడిపోయినది.

1957 మే 20న హైదరాబాదులో వీరు కీర్తిశేషులైనారు. పదవీకాలపు పరిమితిని బట్టి చూచినచో వీరి పాలన స్వల్పమే. రెండు ప్రభుత్వాలూ కలిసి రెండున్నరేండ్లైనా నిలువలేదు. కాని పదవిని కొలమానం చేసికొనుట వీరియెడ న్యాయం కాదు. కక్షిదారుని పక్షాన కోర్టులో వాదించిన నేర్పును భూమిలేని ప్రభుత్వానికీ, పట్టాలేని రైతుకూ నడుమ నిలిచి శాసనభాషగా మార్చుట వీరి నిజమైన కృషి. తామే చట్టం చేయలేకపోయినా, తరువాతివారు చేయక తప్పని వాదాన్ని వీరు గ్రంథస్థం చేసి పోయారు.