గోలుకు కావలి కాసిన పీటర్ తంగరాజ్

ఈసారి మన గోడపత్రికలో ఒక గొప్ప ఆటగాడి జీవితం రాస్తున్నాను. ఆయన మన హైదరాబాదు సంస్థానంలో పుట్టిన మనిషే. అయినా క్రికెట్ ఆటగాళ్ల పేర్లు వరుసపెట్టి చెప్పే మనలో ఆయన పేరు తెలిసినోళ్లు చాలా తక్కువ. అందుకే రాస్తున్న.

ఏ ఊర్లో ఫుట్‌బాల్ ఆడినా ముందుగాల ఒక లొల్లి ఉంటది. గోల్‌లో ఎవరు నిలబడాలె? అందరికీ ముందటికి ఉరికి గోల్ కొట్టాలని ఉంటది. ఆఖరికి అందరికన్న చిన్నోడో, ఉరకరానోడో, ఆ వారమే కొత్తగా వచ్చినోడో గోల్‌లో నిలబడతాడు. గోల్ పడితే తిట్లన్నీ వానికే. పడకపోతే ఎవ్వరూ వాని దిక్కు చూడరు.

ఇది జొన్నచేన్ల మంచె మీద కావలి ఉన్నట్టే. దున్నినోళ్లు, కలుపు తీసినోళ్లు అందరికీ కనిపిస్తరు. రాత్రంతా మంచె మీద మేలుకొని అడవిపందులను అదిలించినోడు మాత్రం కనిపించడు. వాడు ఒక్క గడియ కన్ను మూస్తే తెల్లారేసరికి చేను ఉండదు. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ పని కూడా గదే. ఆ పనిని జీవితమంతా చేసి దేశానికి పేరు తెచ్చిన మనిషే పీటర్ తంగరాజ్.

బాల్యం

తంగరాజ్ గారు 1935 డిసెంబర్ 24న హైదరాబాదు సంస్థానంలో జన్మించారు. అప్పట్లో సికింద్రాబాద్‌లో పెద్ద కంటోన్మెంట్ ఉండేది. పట్టాళం వాళ్లు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసి చుట్టుపక్కల పిల్లలు కూడా నేర్చుకున్నారు. బస్తీకొక క్లబ్బు పుట్టింది. తంగరాజ్ గారు మార్నింగ్ స్టార్ క్లబ్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్ అనే జట్ల తరఫున ఆడటం మొదలుపెట్టారు.

అదే కాలంలో హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే కోచ్ ఉండేవారు. ఆయన మొదట బడిలో పంతులు. అందుకే అందరూ ఆయనను రహీమ్ సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ కాలంలో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే దేశమంతా భయపడేది.

పట్టాళంలో మారిన స్థానం

1953లో తంగరాజ్ గారు సైన్యంలో చేరారు. నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడారు. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆయన మొదట గోల్‌కీపర్ కానే కాదు. సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్స్ కొట్టేవాడు. జట్టులో అందరి కండ్లు పడే స్థానం అది. అక్కడి నుంచి ఆయన గోల్ స్తంభాల నడుమకు వచ్చారు. ముందట ఉరికే మనిషి అందరికన్న వెనుక నిలబడ్డాడు.

ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి చేతులు ఆయనకు అక్కరకొచ్చినయి. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంతటి తలుపు లేని ఇంటికి ఒక్క మనిషే తలుపు. పెనాల్టీ కొట్టేవాడు 36 అడుగుల దూరం నుంచే కొడతాడు. కండ్లు మూసి తెరిచేలోపు బంతి వస్తది. కీపర్ గీత మీదనే నిలబడితే రెండు పక్కలా చాలా జాగ కనిపిస్తది. నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడితే కొట్టేవానికి ఆ జాగ తగ్గిపోతది. కానీ మరీ ముందుకొస్తే నెత్తి మీదికెళ్లి లేపి కొడతాడు. ఎప్పుడు రావాలె, ఎప్పుడు ఆగాలె అన్నదే కీపర్ చదువు. గోల్స్ కొట్టిన మనిషికి గోల్ కొట్టేవాని ఆలోచన తెలుస్తది కద! ఆ తెలివి కూడా తంగరాజ్ గారికి పనికొచ్చి ఉంటది.

ఆ జట్టు 1955లో, మళ్లీ 1958లో డ్యురాండ్ కప్ గెలిచింది. డ్యురాండ్ కప్ 1888లో మొదలైంది. మన దేశంలో అన్నిటికన్న పాత ఫుట్‌బాల్ పోటీ అదే. 1960లో ఆయన నాయకత్వంలో సర్వీసెస్ జట్టు మొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఒలింపిక్స్‌లో

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండనే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. నాలుగేండ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు రహీమ్ సాబ్ కొత్త జట్టును తీసుకుపోయారు. అందులో హైదరాబాదు ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. గోల్‌కీపర్లలో తంగరాజ్ గారు ఒకరు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా పోయి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే అన్నిటికన్న పెద్ద ఘనత.

ఆ మెల్‌బోర్న్‌లోనే సోవియట్ జట్టుకు లెవ్ యాషిన్ గోల్ కాసి బంగారు పతకం గెలిచాడు. ప్రపంచంలోనే గొప్ప గోల్‌కీపర్‌గా పేరుపడ్డ మనిషి ఆయన. ఆ ఒలింపిక్స్‌కు మన సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడిన పిల్లగాడు కూడా పోయిండంటే చిన్న సంగతి కాదు.

1958లో తంగరాజ్ గారిని ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎన్నుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు గట్టి జట్లే తగిలినయి. హంగరీ చేతిలో 2-1తో ఓడినం. ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచినం. పెరూ చేతిలో 3-1తో ఓడినం. ఒక్క గోల్ తేడాతో మనల్ని ఓడించిన హంగరీకి ఆ పోటీల్లో కాంస్యం వచ్చింది. రోమ్‌లో మన మూడు గోల్స్‌లో రెండు కొట్టింది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ ఆటగాడు తులసీదాస్ బలరామ్. ఆ తర్వాత మళ్లీ మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

జకార్తా ఫైనల్

తంగరాజ్ గారి జీవితంలో మరువరాని రోజు 1962 సెప్టెంబర్ 4. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినయి. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానీయకపోవడం తప్పని మన దేశపు క్రీడాధికారి ఒకరు అన్నందుకు అక్కడి జనం భారత్ మీద కోపంగా ఉన్నారు. మనవాళ్లు గ్రౌండులోకి వస్తే చాలు, స్టేడియం మొత్తం కేకలు, ఎగతాళి.

ఫైనల్‌లో ఎదుటి జట్టు దక్షిణ కొరియా. అది 1956లో, 1960లో ఆసియా కప్ గెలిచిన జట్టు. ఆ పోటీల్లోనే మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు కూడా అదే. మన జట్టు చూస్తే సగం దవాఖానలా ఉంది. జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. త్రిలోక్ సింగ్ కాలివేలికి దెబ్బ. తంగరాజ్ గారేమో ఫ్లూ జ్వరంతో మంచం పట్టి లేచారు. రహీమ్ సాబ్ ఒంట్లో అప్పటికే కాన్సర్ ఉంది.

అంతకు ముందు ఆటల్లో గోల్ కాసిన కీపర్ ప్రద్యుత్ బర్మన్. జట్టు గెలిచి ఫైనల్‌కు వచ్చింది. గెలిపిస్తున్న కీపర్‌ను పక్కన కూర్చోబెట్టి, జ్వరం నుంచి లేచిన మనిషిని నిలబెడతారా? చాలామంది కోచ్‌లు ఆ ధైర్యం చేయరు. రహీమ్ సాబ్ చేశారు. ఫైనల్‌లో తంగరాజ్ గారిని నిలబెట్టారు. తలకు దెబ్బ తగిలిన జర్నయిల్ సింగ్‌ను వెనుక నుంచి తీసి ముందట గోల్ కొట్టడానికి పంపారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు తంగరాజ్ గారు ఒక తప్పు గోల్ ఇస్తే ఏమయ్యేది? జ్వరమొచ్చినోణ్ని ఎందుకు ఆడించిన్రని జీవితాంతం అనేవారు. బర్మన్ ఉంటే గెలిచేవాళ్లమని అనేవారు. ఆ బరువంతా మోసుకొని ఆయన స్తంభాల నడుమ నిలబడ్డారు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టారు. 20వ నిమిషంలో తలకట్టు కట్టుకున్న జర్నయిల్ సింగ్ రెండో గోల్ కొట్టారు. ఆ తర్వాత గంటకు పైగా కొరియా వాళ్లు గోల్ కోసం పోరాడారు. 85వ నిమిషంలో గాని వాళ్లకు ఒక గోల్ దొరకలేదు. మిగిలిన నిమిషాల్లో ఇంకొకటి పడలేదు. 2-1తో మనం గెలిచినం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1951 తర్వాత అది మనకు రెండో బంగారు పతకం. మూడోది ఇప్పటిదాకా రాలేదు. ఆ మరుసటేడు, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ కన్నుమూశారు.

బర్మన్ గారిని కూడా మరువొద్దు. సెమీఫైనల్ దాటించిన మనిషి ఫైనల్ రోజు బయట కూర్చున్నాడు. ఆ పతకంలో ఆయన వాటా కూడా ఉంది.

తర్వాతి జీవితం

సైన్యం విడిచిన తర్వాత తంగరాజ్ గారు కలకత్తా పోయారు. అక్కడి మూడు పెద్ద క్లబ్బులు మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. ఒక క్లబ్బు అభిమానులకు ఇంకో క్లబ్బు అంటే పడని ఊరు అది. అయినా మూడు క్లబ్బులకూ ఆయన కావాల్సినవాడయ్యాడు. 1967లో భారత ప్రభుత్వం ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది. 1971లో ఆట మానుకొని కోచ్ అయ్యారు. ఆఖరికి బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించారు. 2008 నవంబర్ 24న అక్కడే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 72 ఏండ్లు. 2024లో రహీమ్ సాబ్ జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అందులో తంగరాజ్ గారి పాత్ర కూడా ఉంది.

మనం నేర్చుకోవలసింది

గోల్ కొట్టినవారి పేర్లు, నిమిషాలు లెక్కలో ఉంటాయి. పడకుండ ఆపిన గోల్స్‌ను ఎవరూ రాసిపెట్టరు. జకార్తా ఫైనల్ లెక్కలో కూడా బెనర్జీ గారిది 17, జర్నయిల్ గారిది 20 అని ఉంటది. తంగరాజ్ గారి పేరు పక్కన ఏ నిమిషమూ ఉండదు. ఆయన ఆడింది తొంభై నిమిషాలూ.

మన హాస్టల్‌లో కూడా ఇట్లాంటి పనులున్నాయి. పొద్దుగాల అందరికన్న ముందు లేచి బోరింగు కొట్టేవాడు, జ్వరమొచ్చినోని దగ్గర రాత్రి కూసునేవాడు, వడ్డించి ఆఖరికి తినేవాడు. వీళ్లంతా గోల్‌కీపర్లే. పని జరుగుతున్నన్ని దినాలు వాళ్లు కనిపించరు. ఒక్కనాడు ఆగితే అందరికీ తెలుస్తది.

కాబట్టి మిత్రులారా, ఈ ఆదివారం ఆటలో గోల్‌లో నిలబడేవాణ్ని చీటీ వేసి కాకుండ, ఎవరికి ఇష్టముందో అడిగి నిలబెడదాం. గోల్ పడితే ఎనిమిదడుగుల ఎత్తు, ఇరవై నాలుగడుగుల వెడల్పు వాడొక్కడే కాస్తున్నాడని యాది చేసుకుందాం. బంతి వాని దాకా రావడానికి ముందు మన పదిమందిని దాటుకొని వచ్చిందని కూడా యాది చేసుకుందాం.